హార్డ్ డిస్క్ మూత దుకాణం బల్ల మీద విప్పవద్దు

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఇళ్లలోని సామానుతో పాటు పెళ్లి ఫోటోలు, పిల్లల వీడియోలు, చిన్న దుకాణాల జమాఖర్చులు దాచుకున్న హార్డ్ డిస్కులు కూడా నీళ్లపాలయ్యాయి. వరద రాని రోజుల్లోనూ చేతిలోంచి జారిపడి, కరెంటు హెచ్చుతగ్గులకు గురై పాడయ్యే డిస్కులకు కొదవ లేదు. అలాంటి డిస్కు దుకాణానికి చేరగానే మూత విప్పి లోపలికి తొంగిచూడటం చాలాచోట్ల అలవాటైపోయింది. దక్కవలసిన డేటా ఆ కొద్ది నిమిషాల్లోనే చేజారుతోందన్న బాధతో, ఇదే వృత్తిలో ఉన్న నేను ఈ లేఖ రాస్తున్నాను.

హార్డ్ డిస్కులో డేటా నిల్వ ఉండే గుండ్రటి పళ్లేలు, అంటే ప్లాటర్లు, చాలా మోడళ్లలో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. డేటాను చదివే హెడ్ వాటిని తాకకుండా, ఆ వేగానికి పుట్టే పలుచని గాలిపొర మీద కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మనిషి తల వెంట్రుక మందమే వేల నానోమీటర్లలో ఉంటుంది కాబట్టి, మన కంటికి ఆనని ధూళి రేణువు కూడా హెడ్‌కు దారిలో పడ్డ బండరాయి వంటిదే. దాన్ని ఢీకొన్న హెడ్ ప్లాటర్ మీది అయస్కాంత పూతను గీరేస్తే, ఆ మేర డేటాను ఎంత పెద్ద ల్యాబ్ కూడా వెనక్కి తేలేదు. అందుకే ఈ పనికి ఐఎస్ఓ క్లాస్ 5 స్థాయి క్లీన్ రూమ్‌గానీ, వడకట్టిన గాలి ఎడతెగకుండా వీచే లామినార్ ఫ్లో బెంచీగానీ వాడతారు. అర మైక్రాన్ (500 నానోమీటర్లు), అంతకు మించిన రేణువులు ఘనపు మీటరు గాలిలో 3,520కి మించకూడదన్నది ఆ స్థాయి నిబంధన. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో, వీధి దుమ్ము నేరుగా వచ్చి పడే బల్ల మీద అది అయ్యే పని కాదు.

మూత విప్పడంలోనూ మెలకువ కావాలి. కొన్ని మోడళ్లలో లేబుల్ కింద ఒక స్క్రూ దాగి ఉంటుంది. హెడ్లను మోసే చేయి ఇరుసును పైనుంచి పట్టి ఉంచేది అదే. మిగతా స్క్రూలన్నీ తీసి, దీన్ని గమనించకుండా మూతను పెళ్లగిస్తే ఆ అమరికే దెబ్బతింటుంది. హెడ్లు మార్చవలసి వస్తే సరిగ్గా సరిపోయే మరో డిస్కు నుంచి తీసుకోవాలి, అవి ఒకదానికొకటి తగలకుండా ప్రత్యేకమైన దువ్వెన వంటి పరికరం వాడాలి, ప్లాటర్ మీద వేలు పడనివ్వకూడదు.

నిజానికి మూత జోలికి వెళ్లనవసరం లేని కేసులు చాలా ఉంటాయి. ముందు కేబుల్, యూఎస్‌బీ పెట్టె, సర్క్యూట్ బోర్డు చూడాలి. బోర్డు మార్చితే, పాత బోర్డు మీది రోమ్ చిప్‌ను కొత్తదానికి బదిలీ చేయాలి. ఆ డిస్కుకే ప్రత్యేకమైన సర్దుబాట్ల వివరాలు సాధారణంగా అందులోనే ఉంటాయి. డిస్కు ఇంకా చదవగలిగే స్థితిలో ఉంటే, చెక్‌డిస్క్ వంటి మరమ్మతు ప్రోగ్రాములు నడపకుండా, మొదట డీడీరెస్క్యూ వంటి నకలు తీసే ప్రోగ్రాముతో మరో డిస్కుకు పూర్తి నకలు తీసుకోవాలి.

ఇక వినియోగదారులకు నా విన్నపం. టక్ టక్ మని శబ్దం వస్తే వెంటనే కరెంటు ఆపేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా నమ్మకండి, లోపల తేమ పేరుకుంటుంది. వరద నీటిలో మునిగిన డిస్కును హెయిర్ డ్రయ్యర్‌తోనో బియ్యంలోనో ఆరబెట్టవద్దు. ఎండిన బురద ప్లాటర్లకు అంటుకుపోతుంది కనుక, తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి నిపుణులకు అందించండి.

వినియోగదారుడి రాతపూర్వక అంగీకారం లేకుండా మూత తీయబోమనీ, ఇంతకుముందు తీసి ఉంటే ఆ సంగతి రసీదులో రాస్తామనీ మరమ్మతు దుకాణదారుల సంఘాలు నియమం పెట్టుకోవాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ హార్డ్‌వేర్ కోర్సుల్లో ఈ జాగ్రత్తలను ప్రయోగ తరగతిలోనే నేర్పేలా సంబంధిత అధికారులు చర్యలు తీసుకోవాలని కోరుతున్నాను.

– ఒక కంప్యూటర్ హార్డ్‌వేర్ టెక్నీషియన్, విజయవాడ