మంత్రిగారూ, మేళాలో మొక్కకో చీటీ కట్టించండి

గౌరవనీయులైన తెలంగాణ ఉద్యానశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళాకి ఇంటిల్లిపాదీ వెళ్లాం. జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. కడియం నుంచి లారీల్లో దిగిన మొక్కలు, కొబ్బరిపొట్టు ఇటుకలు, వేపపిండి బస్తాలు, మిద్దెతోటల వాళ్ల కబుర్లు... ఇంత మంచి మేళాకి లోటు ఒకటే. మొక్కకి పేరుంది గానీ, ఆ పేరుకి పూచీ లేదు.

మామిడి సంగతే చూడండి. అంటు మొక్కయితే, అంటే మంచి రకం కొమ్మని వేరే మొక్కకి అతికించి పెంచిందయితే, మూడు నాలుగేళ్లలో కాయొచ్చు, గింజ మొక్కయితే దానికి రెట్టింపు కాలమైనా పట్టొచ్చు. అంటు మొక్కలో వేళ్లకి కాస్త పైన కాండం మీద అతికిన గుర్తు, కొన్నిసార్లు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కూడా కనిపిస్తాయి. ఒక స్టాల్‌లో హిమాయత్ అని చెప్పిన మొక్కని కింది నుంచి పైదాకా తడిమి చూశాను. కాండం నున్నగా ఉంది, ఎక్కడా అతుకు లేదు. అడిగితే, "అంటు మొక్కే అక్కా, రెండేళ్లలో కాయ" అన్నాడు. పోనీ అంటు మొక్కే అనుకున్నా, అది హిమాయతో కాదో కాయ కాసేదాకా తేలదు. అప్పటికి ఆ స్టాల్ ఎక్కడ, మనమెక్కడ?

పూల దగ్గర ఇంకో తంతు. పెటునియా, డయాంతస్ చలికాలపు పూలు. మన ఎండలు ముదిరేసరికి వాటి పని అయిపోతుంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు. మేలో కుండీ ఎండిపోతే కొన్నావిడ "నా చేతివాసి మంచిది కాదు" అనుకుని మొక్కల జోలికే పోదు. అడీనియంకి రోజూ నీళ్లు పోసి దుంప కుళ్లబెట్టుకున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు.

ప్రభుత్వం నోటిఫై చేసిన రకాల విత్తనం ప్యాకెట్ మీద మొలక శాతం రాయాలని 1966 విత్తన చట్టం ఉంది. పది రూపాయల బెండ గింజలకున్న భద్రత ఐదొందలు పెట్టి కొనే మామిడికి ఎందుకుండకూడదు? నేనడిగేది చిన్న చీటీ. రకం పేరు, అంటా గింజా, ఎండలో పెట్టాలా నీడలోనా, ఒక్క సీజన్‌దా ఏళ్ల తరబడి ఉండేదా, నర్సరీ పేరు, ఫోన్ నంబర్. ప్లాస్టిక్ ముక్క మీద మార్కర్‌తో రాసినా చాలు, తెలుగులో ఉంటే చాలు. మేళాకి అనుమతిచ్చేటప్పుడే దీన్ని షరతుగా పెట్టించండి. దయచేసి దీనికో యాప్ మాత్రం చేయించకండి. ఆ జనంలో నెట్ రాదు.

ఇంకొకటి. తంగేడుని రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్నది 2014లో. ఆ మేళాలో నేను తిరిగినంత మేర తంగేడు మొక్క ఒక్కటీ కనబడలేదు. గునుగూ అంతే. ఒకాయన్ని అడిగితే నవ్వి, "దాన్ని కొంటారా మేడమ్ ఎవరైనా, రోడ్డు పక్కన ఉంటది" అన్నాడు. మా కాలనీలో రోడ్డు పక్కన ఇప్పుడున్నవి కార్లు. బతుకమ్మకి తంగేడు కట్టలు మార్కెట్‌లో బేరమాడి తెచ్చుకుంటున్నాం. తంగేడుకి పెద్దగా నీళ్లూ అక్కర్లేదు, ఎరువూ అక్కర్లేదు. వచ్చే మేళాలో మీ శాఖ స్టాల్‌లో తంగేడు నారు, గునుగు విత్తనాలు పెట్టించండి. గునుగు వానాకాలం మొదట్లో చల్లితేనే పండుగకి అందుతుంది, కాబట్టి జూన్ దాటకుండా చూడండి.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక మిద్దెతోట గృహిణి