కోత మిషన్‌కూ కాక్‌పిట్ లెక్కలు కావాలి

సంపాదకులకు,

విమానం కాక్‌పిట్ తయారీకి ముందే పైలట్లను వర్చువల్ రియాలిటీలో (కళ్లకు హెడ్‌సెట్ పెట్టి, కంప్యూటర్ బొమ్మను చుట్టూ నిజంలా చూపించే పద్ధతి) కూర్చోబెట్టి పరీక్షిస్తారని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది గానీ, అదంతా ఎక్కడో పెద్ద ఊళ్లలో జరిగే వింత అన్నట్టు రాశారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా రిటైరై, ఆలమూరులో వరికోత మిషన్ తిప్పుకుంటున్న నాకు మాత్రం అది మన పొలం గట్టు మీది విషయమే అనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగి కూడా రన్‌వే మీద పొట్ట ఆనించి కూలబడేవి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) ఎత్తబోయి పైలట్లు చక్రాలు ఎత్తేసేవారు. తప్పు పైలట్‌దే అన్నారు. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు చూస్తే రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు ఏటవాలు ముక్క తగిలించమన్నాడు. ప్రయాణికుల విమానాల్లో ఆ పిడులకు వేర్వేరు ఆకారాలు ఉండాలన్నది ఇప్పటికీ నిబంధన.

మా మిషన్‌లో కోత బల్ల ఎత్తే లివరు, నూర్పిడి డ్రమ్ము కలిపే లివరు రెండూ కుడిచేతి పక్కనే. రెండింటికీ ఒకే నల్ల గుండు. మా డ్రైవరు ఒకదానికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరుతో బిగించాడు. రాత్రి కోతల్లో, ఊక దుమ్ములో, చూడకుండానే చెయ్యి ఏది ఏదో పోల్చుకుంటుంది. చపానిస్ పేరు అతను విన్నవాడు కాదు. అమ్మిన కంపెనీ మనిషికి చూపిస్తే "డ్రైవరుకు అలవాటు కావాలండీ" అని వెళ్లిపోయాడు!

రెండో డ్రైవరుది ఇంకో అవస్థ. మనిషి పొట్టి. బ్రేకు పూర్తిగా తొక్కాలంటే సీటు అంచుకు జరగాలి, జరిగితే కోత బల్ల ఎడమ కొస కనబడదు. ఆ కొస గట్టుకు తగిలితే తిట్లు ఎవరికో చెప్పక్కర్లేదు.

విమానాల్లో దీనికి లెక్క ఉంది. అమెరికా నిబంధన ప్రకారం 5 అడుగుల 2 అంగుళాల మనిషి మొదలు 6 అడుగుల 3 అంగుళాల మనిషి దాకా, బెల్టు పెట్టుకుని కూర్చుని మీటలన్నీ పూర్తిగా కదపగలగాలి. వర్చువల్ రియాలిటీ పనికొచ్చేది ఇక్కడే. కుర్చీ నిజంది, చుట్టూ కనబడే ప్యానెల్ కంప్యూటర్‌ది. చెయ్యి ఎంతవరకు అందింది, చూపు ఎక్కడ ఆగింది, ఏ మీట దగ్గర తడబడ్డారు అన్నీ కొలుస్తారు. కుదరకపోతే మీటను అక్కడికక్కడే జరిపి మళ్లీ చూస్తారు. రేకు కోశాక జరపాలంటే లక్షలు పోతాయి.

మీటలే కాదు, అంకెలు చూపే డిస్‌ప్లే కూడా మనిషిని తడబెట్టకూడదు. 1992లో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎ320 విమానం కొండను ఢీకొని 87 మంది చనిపోయారు. 3.3 డిగ్రీల కోణంలో దిగాలని పెట్టిన అంకెను, మోడ్ (అంకె కోణమా, దిగే వేగమా అని చెప్పే సెట్టింగు) వేరుగా ఉండటంతో, యంత్రం నిమిషానికి 3,300 అడుగుల దిగుడుగా తీసుకుని ఉండొచ్చని విచారణలో తేలింది. డిస్‌ప్లే మీద ఒకటి 3.3, ఇంకోటి 33, అంటే 33 వందలు. చుక్కే తేడా. తర్వాత ఆ డిస్‌ప్లే మార్చారు.

అలాగని హెడ్‌సెట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే నేను ఒప్పుకోను. మీట ఎంత బిగువో, ఇంజను అదురుకు వేళ్లు జారతాయో లేదో గాలిలో చెయ్యి ఊపితే తెలియదు. పక్కన చెక్కతో చేసిన నమూనా కూడా ఉండాలి.

గోదావరి జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టులు బజారులో కొనుక్కొచ్చే బదులు ఒక హెడ్‌సెట్, ఒక టేపు పట్టుకుని మన డ్రైవర్ల కొలతలు తీసి, క్యాబిన్ ఎలా ఉండాలో గీసి కంపెనీల ముందు పెట్టొచ్చు. దాళ్వా కోతలు మొదలయ్యేదాకా మా మిషన్ షెడ్డులో ఖాళీగానే ఉంటుంది. వస్తే డ్రైవర్లిద్దరినీ నేనే కూర్చోబెడతాను.

— ఒక పాఠకుడు, విశ్రాంత ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి, ఆలమూరు