అదనపు సమయం ఇవ్వడం దయ కాదు

సంపాదకులకు నమస్కారం,

కొత్తగా ఉద్యోగంలో చేరే టీచర్లకు మీ పత్రిక ద్వారా కొన్ని మాటలు చెప్పాలని రాస్తున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. కొత్తవాళ్లు వచ్చీరాగానే "ఈ పిల్లాడి సమస్య ఏంటి మేడమ్?" అని అడుగుతారు. సమస్య పేరు తెలిస్తే మంచిదే, కానీ డాక్టరు రిపోర్టు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. పిల్లాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

బోర్డు మీది నోట్సు ఎక్కించుకోవడమే తీసుకోండి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) ఉన్న పాప తలెత్తి ఒక పదం చూస్తుంది, తల దించి రెండక్షరాలు రాస్తుంది, మళ్లీ తలెత్తేసరికి ఎక్కడ ఆపిందో దొరకదు, వెతుక్కుంటూ మూడో లైనుకి వచ్చేలోపు మనం డస్టర్‌తో తుడిచేస్తాం. తర్వాత సగం నోట్సు చూసి బద్ధకం అంటాం. అదే పాఠం చదివి వినిపించి ప్రశ్న అడగండి, చాలాసార్లు ఠక్కున జవాబు చెబుతుంది. అలాంటప్పుడు నోట్సు కాపీ ముందే చేతికివ్వడానికి, పరీక్షలో కాస్త ఎక్కువ టైమో నోటితో జవాబు చెప్పే వీలో ఇవ్వడానికి అభ్యంతరం ఏముంటుంది? "మిగతావాళ్లకు అన్యాయం కదా" అని స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అంటారు. పక్క పిల్లాడు కళ్లజోడు పెట్టుకుంటే అన్యాయం అని ఎవరూ అనరు కదా. సిలబస్ తగ్గించమని అనడం లేదు, తెలిసింది చెప్పుకునే దారి ఇవ్వమంటున్నాను. ఇది మన మంచితనం మీద ఆధారపడే విషయం కూడా కాదు, 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణంలోనే ఈ వెసులుబాట్లు చదువుకునే హక్కులో భాగమని ఉంది.

వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లాడికి అంతా వినబడుతుందని అనుకోకండి. ఆ యంత్రం మీ గొంతుతో పాటు కుర్చీలు జరిపిన చప్పుడునీ పెంచుతుంది, అందుకే చాలామంది మీ పెదాలు చూస్తూ మాట పట్టుకుంటారు. బోర్డు వైపు తిరిగి పాఠం చెబితే ఆ కాస్తా పోతుంది. రాయడం అయ్యాక ఇటు తిరిగి చెప్పండి, వెనక బెంచీ నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మీరు మళ్లీ చెప్పండి. చూపు సరిగా లేని పిల్లలున్నప్పుడు "ఇదిగో ఇది" అనకుండా, రాస్తున్నది పైకి చదవండి.

ఆటిజం (నలుగురితో కలవడం, మార్పులకు సర్దుకోవడం కష్టంగా ఉండే స్థితి) ఉన్న పిల్లలకు టైమ్‌టేబుల్ మారుతుంటే ముందే చెప్పాలి, కళ్లలోకి చూడమని బలవంతం చేయొద్దు. కుదురుగా కూర్చోలేని పిల్లలకు ఒక్కసారే నాలుగు పనులు చెప్పకండి, ఒక్కొక్కటిగా చెప్పండి. మూర్ఛ వస్తే నోట్లో ఏమీ పెట్టకుండా, గట్టిగా పట్టుకోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూడండి, అయిదు నిమిషాలు దాటితే వెంటనే అంబులెన్స్ పిలవాలి.

ఏ వెసులుబాటైనా క్లాసందరి ముందు ప్రకటించొద్దు. "నీకు వేరే పేపర్ కదా" అని టీచర్ గట్టిగా అంటే చాలు, ఆ పిల్లాడు మర్నాటి నుంచి అది వద్దంటాడు. పక్కకు పిలిచి, ఏం చేస్తే తేలిగ్గా ఉంటుందో వాడినే అడగండి, వాళ్లమ్మనీ నాన్ననీ అడగండి.

హెడ్మాస్టర్లకూ ఒక విన్నపం. ఏడాది చివర్లో టీచర్ మారిపోతే, ఆ పిల్లాడికి ఏం పని చేసిందో అదీ ఆమెతోనే పోతోంది, కొత్త టీచర్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటోంది. మార్కుల జాబితాతో పాటు ఒక్కో పిల్లాడి గురించి ఒక పేజీ రాయించి తర్వాతి టీచర్‌కి అందేలా చూడండి.

– ఒక ఉపాధ్యాయురాలు