తువ్వాలులో దాగిన తామర

సంపాదకులకు,

నమస్కారం. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఇంటర్మీడియట్ చదివే పిల్లల్లో తామర ఎంత మామూలైపోయిందో, సెలవులకు ఇంటికొచ్చిన వారి బట్టలు ఉతికే తల్లులను అడిగితే తెలుస్తుంది. మందు రాసినన్నాళ్లూ తగ్గినట్టే ఉండి, ఆపిన కొద్ది రోజులకే మళ్లీ పైకి తేలుతుంది కనుక, ఒంట్లో వేడి అనో, ఈ ఊరి నీళ్లు పడలేదనో సరిపెట్టుకుంటున్నారు. డిగ్రీ విద్యార్థులకు 30 ఏళ్లు వృక్షశాస్త్రం బోధించినదాన్ని కనుక, శిలీంధ్రాల (ఫంగస్) పాఠంలో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోయిన ఒక మాటకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

ఆ మాట ఆర్థ్రోస్పోర్. గ్రీకులో ఆర్థ్రాన్ అంటే కీలు. శిలీంధ్రపు తంతువులో వరుసగా అడ్డుగోడలు ఏర్పడి, అది చిన్న చిన్న గదులుగా విడిపోయి, గది గోడలు మందమెక్కి, చివరకు కీళ్ల దగ్గర తెగిపోతే ఏ ముక్కకా ముక్క విత్తనంలా మొలవగల ఒక సిద్ధబీజమవుతుంది. ఆడ, మగ కణాల కలయికతో పని లేదు కాబట్టి దీన్ని అలైంగిక ప్రత్యుత్పత్తి అంటాం. ఉయ్యూరు వైపు చెరకు రైతుకైతే ఇంత వివరం అక్కర్లేదు. గడను కణుపులు ఉండేలా ముచ్చెలుగా నరికి పాతితే ముచ్చె ముచ్చెకూ మొలక వస్తుందని ఆయనకు తెలుసు. కాకపోతే చెరకును మనిషి నరకాలి, ఈ తంతువు తనంతట తానే తెగుతుంది. తామరకు కారణమైన ట్రైకోఫైటాన్ జాతి శిలీంధ్రాలు మన చర్మం పైపొరలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను తింటూ చేసే పని ఇదే. తామరతంపర అనే మాట కొలనులోని తామరను చూసి పుట్టినా, ఒంటి మీది తామరకూ అంతే చక్కగా సరిపోతుంది.

గుంటూరులో చర్మవైద్యురాలిగా ఉన్న నా పాత విద్యార్థిని ఒకరు మా మనవడి నడుము మీది మచ్చ అంచును మొద్దు బ్లేడుతో మెల్లగా గీకి, రాలిన పొట్టును గాజు పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో నానబెట్టి, కాసేపటికి నన్ను సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. చర్మకణాలు కరిగి తేటపడిన చోట, కొమ్మలేసిన సన్నటి తంతువులూ, వాటి మధ్య పూసలు గుచ్చినట్టు వరుసగా ఉన్న బీజాలూ కనిపించాయి. ఇన్నేళ్లూ బోర్డు మీద బొమ్మ గీశానే తప్ప, మనిషి ఒంటి మీంచి తీసినదాన్ని చూడడం అదే మొదటిసారి. ఈ పొట్టు తువ్వాలుకో, లోదుస్తులకో, దుప్పటికో అంటుకుంటే అందులోని బీజాలు నెలల తరబడి బతికుండగలవు. చర్మం మీద మందు పనిచేసినా, మర్నాడు అదే తువ్వాలుతో తుడుచుకుంటే మళ్లీ విత్తనం చల్లుకున్నట్టే. మావాడి నల్ల మొలతాడు ముడి కింద కూడా పొట్టు పేరుకుని ఉంది. బారసాల నాటి నుంచి ఉన్న అలవాటు కనుక తీయడానికి ఇంట్లో కొంత వాదన జరిగింది. చివరికి కత్తిరించింది నేనే.

ఇలాంటి బట్టలను విడిగా, 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయమని వైద్యులు చెబుతారు. హాస్టల్లో ఇది సాగే పనేనా? మావాడి గదిలో ఆరుగురికి ఒకటే దండెం, అదీ ఫ్యాను కింద. డాబా తలుపుకు తాళం. ఆ తాళం వెనుక పిల్లల ప్రాణాల గురించిన భయం ఉందని తెలుసు, దాన్ని తప్పుపట్టను. అయితే చుట్టూ ఎత్తుగా జాలీ బిగించి పగలు రెండు గంటలు తెరవవచ్చు కదా! బెజవాడ ఎండను తిట్టుకోనివారు లేరు, తీరా అక్కరకొచ్చే చోట దాన్ని బయటే ఆపేస్తున్నాం.

ఇక మందుల సంగతి. హాస్టల్ దగ్గరి షాపులో చీటీ అడగకుండా మావాడికి ఇచ్చిన ట్యూబులో శిలీంధ్రాల మందుతో పాటు క్లోబెటాసాల్ అనే తీవ్రమైన స్టెరాయిడ్ కూడా ఉంది. స్టెరాయిడ్ దురదను ఒక్క పూటలో అణచివేస్తుంది కానీ, చర్మపు రక్షణను కూడా అణచివేయడం వల్ల శిలీంధ్రం నిశ్చింతగా విస్తరిస్తుంది, గుండ్రటి మచ్చ అంచు చెదిరి జబ్బు పోల్చుకోవడమే కష్టమవుతుంది, గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఇలాంటి పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్ నిబంధనను సవరించింది. పైగా మన దేశంలో విస్తరించిన ఒక రకానికి టెర్బినాఫిన్ అనే ప్రధానమైన మందు తరచుగా పనిచేయడం లేదు. 2020లో ఆ శిలీంధ్రానికి పెట్టిన శాస్త్రీయ నామం ట్రైకోఫైటాన్ ఇండోటినియే, అందులో మన దేశం పేరే ఉంది.

ఔషధ నియంత్రణ అధికారులు కాలేజీలు ఎక్కువగా ఉన్న వీధుల్లోని షాపులను తనిఖీ చేయాలనీ, హాస్టళ్లకు అనుమతి ఇచ్చే ముందు మరుగుదొడ్లను లెక్కించినట్టే బట్టలు ఎండలో ఆరేసుకునే చోటును కూడా చూడాలనీ కోరుతున్నాను. మచ్చ మాయమైనా వైద్యులు చెప్పినన్ని రోజులూ మందు వాడాలని తల్లిదండ్రులు పిల్లలకు గట్టిగా చెప్పాలి.

మీ పత్రికకూ ఒక మనవి. రింగ్‌వర్మ్ అనే ఇంగ్లీషు పేరులో వర్మ్, అంటే పురుగు, ఉన్నంత మాత్రాన ఆరోగ్యం పేజీలో దీన్ని తామర పురుగు అని రాయకండి. ఇందులో పురుగు లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ