మాగ్నాకార్టాను బతికించిన కార్డినల్ ఊసేది?

సంపాదకులకు,

జూన్ 15న మీ ప్రత్యేక పేజీలో మాగ్నాకార్టా మీద, అంటే ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు గీసిన పాత హక్కుల పత్రం మీద వచ్చిన వ్యాసం చదివాను. రోజులు గడిచినా మనసు ఊరుకోక రాస్తున్నాను.

1215లో రన్నిమీడ్ మైదానంలో జాన్ రాజు తిరగబడ్డ భూస్వామ్య ప్రభువులకు తలవంచాడు, కథ కంచికి చేరింది అన్నట్టు ముగించారు. పైగా రాజు ఈకకలంతో సంతకం పెడుతున్న బొమ్మ! ఆయన సంతకం పెట్టలేదు, రాజముద్ర వేయించాడు. అది చిన్న తప్పే అనుకుందాం. పది వారాలకే, 1215 ఆగస్టు 24న, పోప్ మూడో ఇన్నోసెంట్ ఆ పత్రం చెల్లదని కొట్టేసిన సంగతి ఎక్కడ రాశారు? దేశం అంతర్యుద్ధంలో పడింది. ప్రభువులు ఫ్రాన్స్ యువరాజు లూయీని పిలిపించుకున్నారు, లండన్ ఆయన చేతికి చిక్కింది. 1216 అక్టోబరులో జాన్ చనిపోయేనాటికి వారసుడికి తొమ్మిదేళ్లు.

అప్పుడు పరిస్థితిని నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు కార్డినల్ గ్వాలా బిక్కియేరి. ఇటలీలోని వెర్చెల్లి వాడు, పోప్ పంపిన రాయబారి. కార్డినల్ అంటే పోప్ తర్వాతి స్థాయి మతాధికారి. గ్లోస్టర్‌లో పసివాడు మూడో హెన్రీ పట్టాభిషేకం ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది. నవంబరు 12న బ్రిస్టల్‌లో మాగ్నాకార్టాను సవరించి మళ్లీ ప్రకటించారు. బాలరాజుకు సొంత ముద్ర లేదు. అందుకే దాని మీద రాజ్యపాలకుడు విలియం మార్షల్ ముద్ర, గ్వాలా ముద్ర పడ్డాయి. ఏడాది కిందట ఏ పీఠం కొట్టేసిందో ఆ పీఠం ప్రతినిధే దానికి ప్రాణం పోశాడు! తిరుగుబాటుదారులకు పోరాడే కారణమే మిగల్చని రాజనీతి అది. 1217లో లూయీ సంధి చేసుకుని వెళ్లాక మళ్లీ ప్రకటించిన పత్రం మీదా, రాజు అడవుల్లో జనం హక్కులు చెప్పే అడవుల శాసనం మీదా గ్వాలా ముద్ర ఉంది.

గ్వాలాను దేవుణ్ని చేయమనడం లేదు. రాజును అదుపు చేయడానికి 25 మంది ప్రభువులకిచ్చిన అధికారం 1216 ప్రతిలో ఎగిరిపోయింది. లూయీ పక్షం చేరిన మతాధికారుల పదవులు ఊడబెరికాడు. కేంబ్రిడ్జి పక్కనున్న చెస్టర్టన్ చర్చి ఆదాయం వెర్చెల్లిలో ఆయన కట్టించిన సంత్ ఆంద్రేయా మఠానికి వెళ్లింది. అవీ రాయండి. మనిషినే మాయం చేస్తే ఎలా?

పోటీ పరీక్షల గైడ్లు ఇంకా ఘోరం. 1215 అన్న అంకె బట్టీ పట్టించి వదిలేస్తున్నాయి. ఇంగ్లండు చట్టాల్లో నేటికీ మిగిలి ఉన్నవి 1225 నాటి ప్రతిలోని నిబంధనలు. దాన్ని 1297లో ధ్రువీకరించారు. ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణనిచ్చే మన రాజ్యాంగం 21వ అధికరణ పాఠంలో మాగ్నాకార్టా పేరెత్తే మాస్టార్లలో ఈ సంగతి ఎందరు చెబుతున్నారు? పాఠ్యపుస్తకాలు రాయించే అధికారులకైనా పట్టిందా? ఒకప్పుడు పేపర్లో పడిందంటే నమ్మమని పిల్లలకు చెప్పేవాళ్లం. ఇప్పుడు వాళ్లు పేపరు కత్తిరించి తెస్తే ఎర్రసిరాతో దిద్దాల్సి వస్తోంది.

సవరణ వేయండి. నవంబరు 12న గ్వాలాకు అరపేజీ కేటాయించండి.

– విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, తెనాలి