జిమ్మీ గుండె కొలత

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

మన కుక్క జిమ్మీ గుండె పెద్దదైందని ఎక్స్‌రేలో తెలిశాక మళ్ళీ అల్ట్రాసౌండ్ ఎందుకని నిన్న ఫోనులో అడిగావు. అప్పుడు తడబడ్డాను. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాడికి నోటికంటే కాగితమే నయం కనుక ఇలా రాస్తున్నాను.

టీకాకు తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారికి స్టెతస్కోపులో గుండె చప్పుడుతో పాటు బుస లాంటి మరో శబ్దం వినిపించింది. జిమ్మీకి దగ్గూ లేదు, ఆయాసమూ లేదు. ఎక్స్‌రే గుండె నీడను చూపుతుంది గాని, లోపలి ఏ గది ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో, కవాటం సరిగా మూసుకుంటున్నదో లేదో చూపదు.

ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్, తీసే బల్లకు ఒకచోట కంత ఉంటుంది. కుడి రొమ్ము మీద వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి, వాణ్ణి కుడిపక్కకు పడుకోబెట్టి, ఆ కంతలోంచి ప్రోబ్‌ను కిందినుంచి ఆనించారు. మత్తు ఇవ్వలేదు, మీ అమ్మ ముందుకాళ్ళు పట్టుకుని వాడి చెవిలో ఏదో చెబుతూనే ఉంది. తెర మీద గుండ్రంగా బృహద్ధమని, దాని పక్కనే ఉబ్బిన ఎడమ కర్ణిక, అంటే ఎడమ పై గది, కనిపించాయి. ధమని అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు, కర్ణికది 17. కుక్కల్లో రెండు కిలోలవీ ఉన్నాయి, డెబ్బై కిలోలవీ ఉన్నాయి కనుక కర్ణికను విడిగా కాక ఆ కుక్క ధమనితోనే పోలుస్తారు. ఆ నిష్పత్తి 1.6, అంతకు మించితే కర్ణిక పెరిగినట్టు, మనవాడిది 1.7. ఎడమ కర్ణికకూ దాని కింది గది జఠరికకూ మధ్య ఉండే మిట్రల్ కవాటం రేకుల అంచులు దళసరెక్కి ముడులు కట్టాయి. రక్తం పారే దిశను రంగుల్లో చూపే డాప్లర్ పెట్టగానే, ముందుకు పోవలసిన రక్తం రంగురంగుల చిమ్ములా కర్ణికలోకి వెనక్కి ఎగజిమ్మింది.

ఎడమ జఠరిక నిండినప్పుడు 2.8 సెంటీమీటర్లు, ముడుచుకున్నప్పుడు 1.5. అంటే 46 శాతం కుంచించుకుంటున్నది. మామూలుగా 25 నుంచి 45 దాకా ఉంటుందని విని నేను సంతోషించాను. డాక్టరుగారు నవ్వి, కారే కవాటం ఉన్న గుండెకు రక్తాన్ని వెనక్కి తోయడం తేలిక కాబట్టే ఈ అంకె ఎక్కువగా కనబడుతుందని, దాన్ని బలమని అనుకోవద్దని చెప్పారు.

అసలు పేచీ తరువాత వచ్చింది. జఠరిక కొలతను కుక్క బరువుకు సరిచేయాలి: బరువును 0.294 ఘాతానికి హెచ్చించి, దానితో సెంటీమీటర్లను భాగించాలి. ఫలితం 1.7 గాని అంతకు మించి గాని ఉంటే, కర్ణిక కూడా పెరిగి ఉంటే, లక్షణాలు లేకపోయినా పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడతారు. వాళ్ళకు వచ్చింది 1.65. చీటీ అందుకుని చూస్తే బరువు 6 కిలోలని ఉంది. అది నిరుటి కార్డులోని అంకె. వాడు చిక్కిపోయాడు కదా, మళ్ళీ తూచమని పట్టుబట్టాను. సరిగ్గా 5 కిలోలు తూగాడు. అక్కడే ఫోనులో లెక్క కడితే 1.74 వచ్చింది. ఒక్క కిలో తేడాతో మందు అక్కరలేని కుక్క మందు కావలసిన కుక్క అయింది.

ఆ 1.7 గీత ఎవరో ఊహించి గీసింది కాదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో 11 దేశాలలోని 360 కుక్కలను పరిశీలించారు. ఈ దశలో మందు అందుకున్న వాటికి గుండె వైఫల్యమో, గుండె కారణంగా మరణమో సుమారు 15 నెలలు ఆలస్యమైంది. మన జిమ్మీ వయసుకు 15 నెలలంటే చిన్న మాట కాదు.

మందు సోమవారం మొదలుపెట్టాము; రోజుకు రెండుసార్లు, తిండికి గంట ముందు వేస్తున్నాము. వాడు నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో రాస్తున్నాను. 30 దాటితే వెంటనే ఫోను చేయమన్నారు. నిన్న రాత్రి 22. ఆరు నెలల తరువాత మళ్ళీ ఎకో ఉంది. అప్పటికి నువ్వు సెలవులకు వస్తావు కనుక ముందుకాళ్ళు నువ్వే పట్టుకోవాలి. మొన్న మీ అమ్మ ఒక్కసారి కూడా తెర వైపు చూడలేదు.

ఇట్లు,
మీ నాన్న