తలుపుల పట్టిక టెండర్‌కు ముందే సిద్ధం కావాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్త ఆసుపత్రి కట్టినా, పాత భవనాన్ని బాగుచేసి మళ్ళీ తెరిచినా పత్రికల్లో విస్తీర్ణం, అంతస్తులు, ఖర్చు, ప్రారంభోత్సవం గురించే చదువుతాం. తలుపుల గురించి ఎవరూ అడగరు. కానీ ఆ భవనంలో అడుగుపెట్టే ప్రతి మనిషీ చేత్తో పట్టుకునేది తలుపు హ్యాండిలే. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ప్రాణం దక్కడం, పోవడం కూడా ఒక్కోసారి ఒక గడియ మీదే ఆధారపడతాయి. భవనాలకు తలుపు సామాను నిర్ణయించే పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కాబట్టి ఈ మాట బహిరంగంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ప్లాన్‌లో తలుపు ఎక్కడ వస్తుందో గీస్తారు. దానికి ఎన్ని బందులు, ఏ తాళం, దానంతటదే మూసుకోవాలా వద్దా అన్నది చెప్పే తలుపుల పట్టికను చాలాసార్లు సరిగా రాయరు. "నాణ్యమైన తలుపు సామాను, లేదా దానికి సమానమైనది" అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. తలుపు సామాను కొనేది పని చివర్లో, డబ్బు కరిగిపోయాక. అప్పుడు చవకగా దొరికిందే "సమానమైనది" అవుతుంది. దేనితో సమానమో తేల్చడానికి కాగితం మీద కొలత ఏదీ ఉండదు.

ఇది చిన్న విషయం కాదనడానికి చరిత్రే సాక్ష్యం. 1883 జూన్ 16న ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో, విక్టోరియా హాల్‌లో పిల్లల ప్రదర్శన ముగిసే వేళ కింద బహుమతులు పంచుతున్నారని తెలిసి పై అంతస్తు పిల్లలంతా ఒక్కసారిగా మెట్లు దిగారు. కింద ఉన్న తలుపు మెట్ల వైపుకే తెరుచుకుంటుంది. పైగా ఒక్కొక్కరే వెళ్ళేంత సందు మాత్రం వదిలి గడియ బిగించారు. 183 మంది పిల్లలు అక్కడే ఊపిరాడక చనిపోయారు. ఆ రోజు అక్కడ నిప్పు కూడా లేదు. 1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరోక్వాయ్ థియేటర్‌లో మంటలు లేచినప్పుడు బయటికి దారులు చాలానే ఉన్నాయి. కొన్నిటికి తాళాలు వేశారు. కొన్నిటికి ఎలా తీయాలో ప్రేక్షకులకు తెలియని గడియలు బిగించారు. 602 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడికే వెళ్ళాల్సి ఉండి, వేరే పని పడి ఆగిపోయిన కార్ల్ ప్రిన్జ్‌లర్ ఒక హార్డ్‌వేర్ కంపెనీ ఉద్యోగి. ఆయన హెన్రీ డ్యుపాంట్‌తో కలిసి, ఒంటితో నెట్టినా తెరుచుకునే అడ్డకమ్మీని తయారుచేయించారు. 1908లో అది అమ్మకానికి వచ్చింది.

ఇప్పుడు అలాంటి కమ్మీలకు యూరప్‌లో ఈఎన్ 1125 అనే ప్రమాణం ఉంది. మామూలుగా 80 న్యూటన్లకు మించని బలంతో కమ్మీని నొక్కినా గడియ విడిపోవాలి. జనం తోసుకొచ్చి తలుపు మీద 1000 న్యూటన్ల ఒత్తిడి పడినా 220 న్యూటన్లకు మించిన బలం అవసరం కాకూడదు. ఇది కేటలాగులో బొమ్మ చూస్తే తెలిసే సంగతి కాదు. పరీక్ష సర్టిఫికెట్ అడిగి తీసుకుంటేనే "సమానం" అన్న మాట నిలుస్తుంది. మంటల్ని ఆపే ఫైర్ డోర్ విషయమూ అంతే. పరీక్షలో నెగ్గేది చెక్క రెక్క ఒక్కటే కాదు. ద్వారబంధం, బందులు, తాళం, తలుపును దానంతటదే మూసే క్లోజర్ అన్నీ కలిసి నెగ్గాలి. వాటిలో ఒక్కటి మార్చినా ఆ హామీ పోయినట్టే.

ఫైర్ డోర్ కింద చెక్కముక్క పెట్టి తెరిచి ఉంచడం చాలాచోట్ల చూస్తాం. తప్పు సిబ్బందిది అంటారు. నా దృష్టిలో తప్పు పట్టిక రాసినవాళ్ళదే. రోజంతా స్ట్రెచర్లు, ట్రాలీలు తిరిగే దారిలో బరువైన క్లోజర్ ఒక్కటే పెడితే ఎవరైనా ఏం చేస్తారు? ఫైర్ అలారంతో కలిపిన అయస్కాంతం పెడితే తలుపు మామూలప్పుడు తెరిచే ఉంటుంది, అలారం మోగగానే మూసుకుంటుంది. గుండ్రటి నాబ్ కూడా అలాంటి సమస్యే. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు దాన్ని తిప్పలేరు. బిగించిన పిడికిలితో నొక్కినా తెరుచుకోవాలన్నది హ్యాండిల్‌కు మంచి పరీక్ష. కిందికి నొక్కి తెరిచే లీవర్ హ్యాండిల్ అందులో నెగ్గుతుంది.

పాత భవనాల దగ్గర నాకు బాధ ఇంకా ఎక్కువ. బాగుచేయడమంటే పాత ఇత్తడి తాళాలు, చేత్తో సాగగొట్టిన ఇనుప బందులు ఊడబీకి, మెరిసే కొత్త సామాను బిగించడం అనుకుంటున్నారు. ఊడదీసిన సామాను తుక్కు కింద పోతుంది, మళ్ళీ రాదు. పాతదాన్ని కదల్చకుండా భద్రత తెచ్చే మార్గాలున్నాయి. సభామందిరంలో పాత తలుపు లోపలికి తెరుచుకుంటుంటే, జనం ఉన్నంతసేపూ దాన్ని పూర్తిగా తెరిచి లాక్ చేసి, దాని లోపలి వైపు బయటికి తెరుచుకునే కొత్త తలుపు పెట్టొచ్చు. వీల్‌చైర్‌కు దారి కొంచెమే తక్కువైతే గుమ్మం కోయనక్కర్లేదు. రెక్కను దారికి పూర్తిగా పక్కకు జరిపే ఆఫ్‌సెట్ బందులు వేస్తే దాదాపు రెక్క మందమంత వెడల్పు కలిసొస్తుంది. పాత తాళాన్ని దాని చోటే ఉంచి, పని చేసే తాళాన్ని కనపడకుండా వేరే చోట అమర్చొచ్చు. పాత ముక్క లేనిచోట కొత్తది చేయించాల్సి వస్తే, పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నియమావళి అయిన 1964 నాటి వెనిస్ చార్టర్ చెప్పినట్టు అది పాతదానితో కలిసిపోవాలి, అయినా కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలి. తప్పనిసరై తీసిన ప్రతి ముక్కకూ నంబరు వేసి, ఫొటో తీసి, ఆ భవనంలోనే భద్రపరచాలి.

లోహం ఎంపిక గురించి కూడా ఒక మాట. సముద్రం దగ్గర 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కు తుప్పు మచ్చలు వస్తాయి. 316 రకం మెరుగ్గా తట్టుకుంటుంది. పట్టికలో "స్టెయిన్‌లెస్ స్టీల్" అని ఊరుకుంటే వచ్చేది 304 రకమే.

ప్రజా భవనాలు కట్టించే శాఖలను నేను కోరేది ఇది. ప్రతి తలుపుకూ నంబరు వేసి, దాని సామాను, ప్రమాణం, కారణం రాసిన పట్టిక టెండర్‌కు ముందే తయారుకావాలి. తయారుచేసినవారు కింద సంతకం పెట్టాలి. "సమానమైనది" తెస్తే ఏ పరీక్ష ప్రకారం సమానమో రాసిచ్చాకే బిగించాలి. భవనం అప్పగించే రోజు తాళంచెవులతో పాటు ఆ పట్టిక నకలు ఒకటి నిర్వహణ సిబ్బంది చేతికి అందాలి. ఇంకో నకలు అడిగిన ఏ పౌరుడికైనా ఇవ్వాలి.

భవదీయుడు,
తలుపు సామాను నిర్ణయించే పనిలో ఉన్న ఒక పాఠకుడు